అమెరికా ఐఫోన్, బెజవాడ ఎండ: ఒక ఫార్వర్డ్‌కి జవాబు

బెజవాడ, గుంటూరు ఫ్యామిలీ గ్రూపుల్లో ఓ వాట్సాప్ ఫార్వర్డ్ తిరుగుతోంది. ఆండ్రాయిడ్ రెండేళ్లకే చెత్తబుట్టలోకి, ఐఫోన్‌కి వైరస్ రాదు, వేడెక్కదు, అమెరికాలో ఉన్న పిల్లలతో తెప్పించుకుంటే చవక, ఆండ్రాయిడ్‌లో ఇరుక్కుంటే వాట్సాప్ చాట్లు బయటికి రావు. ఇదీ దాని సారం. రాసినాయన డెబ్బై వేల ఐఫోన్ పక్కన పన్నెండు వేల ఆండ్రాయిడ్ పెట్టి తీర్పు చెప్పేశాడు. ఒక్కో మాటా చూద్దాం.

“ఆండ్రాయిడ్‌కి రెండేళ్లే ఆయుష్షు.” ఒకప్పుడు చాలా ఫోన్ల సంగతి ఇంతే. 2023లో వచ్చిన పిక్సెల్ 8కి గూగుల్, 2024 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. ఇరవై వేల లోపు ధరతో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి కూడా ఆరేళ్లు ఇస్తున్నారు. అటు 2018 నాటి ఐఫోన్ ఎక్స్ఆర్, ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 దగ్గర ఆగింది. 2025లో వచ్చిన ఐఓఎస్ 26 దానికి లేదు. అంటే అదీ ఏడేళ్లే. జనం దెబ్బతినే చోటు వేరే ఉంది. ఆ ఏళ్లన్నీ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క. దసరా ఆఫర్లో రెండేళ్ల పాత మోడల్ పట్టుకొస్తే ఆ రెండేళ్లూ ముందే ఖర్చయిపోయాయి. బీసెంట్ రోడ్డులోనో బ్రాడీపేటలోనో కౌంటర్ దగ్గర ర్యామ్ ఎంతని అడిగేముందు, ఇది ఎప్పుడు విడుదలైంది, సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్లు, ఏ సంవత్సరం దాకా వస్తాయి అని అడగండి.

“ఐఫోన్‌కి వైరస్ రాదు.” సగం నిజం. శుభలేఖ అనో ఆర్టీవో చలాన్ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైలు ఐఫోన్‌లో ఇన్‌స్టాల్ కాదు. ఆండ్రాయిడ్‌లో దాన్ని ఎక్కించుకుని ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇచ్చామంటే ఓటీపీలు నేరుగా దొంగ చేతికి పోతాయి. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ తెరిచి వాట్సాప్‌కీ క్రోమ్‌కీ ఆపేస్తే ఆ దారి చాలావరకు మూసుకుంటుంది. దొంగ సీబీఐ ఆఫీసరు వీడియో కాల్‌లో బెదిరించే ‘డిజిటల్ అరెస్టు’కి మాత్రం ఏ ఫోనైనా ఒకటే. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలి.

“ఐఫోన్ వేడెక్కదు.” మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడినవాళ్లెవరూ ఈ మాట రాయరు. పరిసరాల ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నచోట వాడమని ఆపిలే చెబుతోంది. స్కూటీ హ్యాండిల్‌కి ఫోన్ తగిలించి, మ్యాప్స్ పెట్టి, పవర్‌బ్యాంక్ కూడా గుచ్చితే ముందు స్క్రీన్ మసకబారుతుంది, తర్వాత ఛార్జింగ్ ఆగుతుంది, చివరికి చల్లబడేదాకా వాడొద్దన్న హెచ్చరిక వస్తుంది. ఆండ్రాయిడ్లూ ఇలాగే చేస్తాయి. రెండిట్లోనూ ఉన్నది లిథియం బ్యాటరీయే మరి. వేడికి పోయిన కెపాసిటీ తిరిగి రాదు. ఛార్జర్ పీకి, కవర్ తీసి, నీడలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే లోపల తేమ పడుతుంది, ఆ పని మాత్రం చేయొద్దు. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఐఫోన్ 15 నుంచి ఉంది, శాంసంగ్‌లోనూ ఉంది. ఎండాకాలం దాన్ని ఆన్‌లో ఉంచడం మేలు.

“అమెరికా నుంచి తెప్పిస్తే చవక.” మన రెండు జిల్లాల్లో ఏ ఊరికి వెళ్లినా అక్కడ పిల్లలున్నవాళ్లే కాబట్టి ఈ మాటకి గిరాకీ ఎక్కువ. ధర తక్కువే కావచ్చు. కానీ ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకి సిమ్ ట్రే ఉండదు. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి మోడల్ నంబర్ చూడండి: చివర ఎల్ఎల్/ఏ ఉంటే అమెరికాది, హెచ్ఎన్/ఏ ఉంటే మన దేశంలో అమ్మినది. ట్రే లేని ఫోన్ వచ్చిందంటే నాన్నగారి నంబర్ ఈసిమ్‌కి, అంటే కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్‌కి, మార్చాలి. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు కాబట్టి ఆ రోజు బ్యాంకు పని పెట్టుకోకూడదు. రేపు ఫోన్ కిందపడి స్క్రీన్ పోతే, సిమ్ తీసి ఇంట్లో ఉన్న కీప్యాడ్ ఫోన్లో వేసుకునే వీలూ లేదు. ఇంకోటి, అక్కడ నెలవారీ వాయిదాల మీద తీసుకున్న ఫోన్లకి వేరే సిమ్ పనిచేయకుండా అక్కడి ఫోన్ నెట్‌వర్క్ కంపెనీ లాక్ ఉండొచ్చు. అదే అబౌట్ పేజీలో క్యారియర్ లాక్ ఎదురుగా ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉందో లేదో ఫోటో తీసి పంపమని విమానం ఎక్కకముందే అడగండి. వాడిన ఫోనైతే ఆ పేజీలోనే ‘పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీ’ కూడా చూడాలి. బ్యాటరీ ఎదురుగా ‘అన్‌నోన్ పార్ట్’ అని పడితే ఒరిజినల్ మీద నమ్మకం వదులుకోవడమే.

“వాట్సాప్ చాట్లు మారవు.” 2022 నుంచి మారుతున్నాయి. ఆండ్రాయిడ్‌లో ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్ వేసి, ఐఫోన్ తొలి సెటప్‌లో ‘ఫ్రమ్ ఆండ్రాయిడ్’ ఎంచుకుని, కోడ్ కొట్టి, జాబితాలో వాట్సాప్‌కి టిక్ పెట్టాలి. రెండు ఫోన్లూ ఛార్జింగ్‌లో ఉండాలి, నంబర్ అదే ఉండాలి. పని చెడేది ఎక్కడంటే, చాలామంది ముందు ఐఫోన్ సెటప్ చేసేసుకుని చాట్ల కోసం తర్వాత వెతుకుతారు. గూగుల్ డ్రైవ్ బ్యాకప్ ఐఫోన్‌లోకి రాదు. ఫోన్ మొత్తం చెరిపి మళ్లీ మొదటికి రావడం తప్ప వాళ్లకి దారి లేదు.

గుంటూరు మిర్చి యార్డులో రోజంతా ఫోన్ మీద రేట్లు మాట్లాడేవాళ్లకి పనికొచ్చే తేడా ఒకటి ఆ ఫార్వర్డ్‌లో అసలు లేనే లేదు: కాల్ రికార్డింగ్. ఐఫోన్‌లో ఐఓఎస్ 18.1తో వచ్చింది గానీ, రికార్డవుతోందని అవతలివాళ్లకీ వినిపిస్తుంది. గూగుల్ డయలర్ (కాల్స్ చేసే యాప్) ఉన్న ఆండ్రాయిడ్లూ అంతే. కొనేముందు షాపులోనే ఒక కాల్ కలిపి రికార్డ్ నొక్కి చూసుకోండి.