దారి అడగనివ్వని అడవి

జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో మన తెలుగువాళ్ళకు తీరని అన్యాయం జరుగుతోంది. దీని గురించి ఇంతవరకు ఎవరూ నోరు విప్పలేదు. స్టుట్‌గార్ట్‌లో, కార్ల్‌స్రూలో చదువులూ ఉద్యోగాలూ వెలగబెడుతున్న మన పిల్లలు ఆదివారం పులిహోర డబ్బా కట్టుకుని ఆ అడవిలోకి నడకకు వెళ్తున్నారు. సాయంత్రానికి అనుకున్న ఊళ్ళోనే, అనుకున్న వేళకే తేలుతున్నారు. మధ్యలో ఒక్క మనిషిని కూడా దారి అడగడం లేదు. ఇలాగే వదిలేస్తే రేపు పెళ్ళిచూపులకు వెళ్ళినా నేరుగా ఆ ఇంటికే వెళ్ళి దిగుతారు.

దీనికంతటికీ మూలం 1864లో ఫ్రైబుర్గ్‌లో పుట్టిన ష్వార్జ్‌వాల్డ్‌ఫెరైన్ అనే నడక సంఘం. ఊరికే నడిచి ఊరుకుంటే సరిపోయేది. వీళ్ళు దారులకు గుర్తులు పెట్టడం మొదలెట్టారు. 1900లో ఫోర్ట్స్‌హైమ్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బాజెల్ దాకా వెస్ట్‌వేగ్ అని 285 కిలోమీటర్ల దారి వేసి, పొడవునా ఎర్రటి గుర్తు అంటించారు. పేకముక్క మీది డైమన్ ఉంటుంది చూడండి, అచ్చం అదే. ఊళ్ళ చుట్టూ తిరిగే చిన్న దారులకైతే పసుపు డైమన్. చెట్టుకొకటి, మలుపుకొకటి. దారి తప్పుదామని సరదా పడ్డవాడికి కూడా ఆ అవకాశం ఉండదు.

కూడలికి వస్తే ఒక స్తంభం. దాని మీద ఆ చోటి పేరు, అది సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో, ఏ ఊరు ఎటో, ఎన్ని కిలోమీటర్లో. అదీ దశాంశంతో సహా! దూరాన్ని ఇంత మొరటుగా మొహాన కొట్టడం ఏం సంస్కారం? మన దగ్గర పెద్దమనిషి అరుగు మీంచి లేవకుండానే "ఎంతో లేదు బాబూ, ఈ మిట్ట దాటితే వచ్చేసినట్టే" అంటాడు. మిట్ట దాటితే ఇంకో మిట్ట, అక్కడ ఇంకో పెద్దమనిషి, ఆయనదీ అదే మాట. ఆ భరోసా మీదే మనిషి పదిమైళ్ళు నడిచేస్తాడు. 4.3 అని ముందే రాసి పెడితే కాళ్ళు అక్కడే పీకడం మొదలెడతాయి.

పోనీ అడవి దాటి ఊళ్ళోకి వస్తేనైనా ఊరట ఉంటుందా అంటే, అదీ లేదు. సాస్‌బాఖ్‌వాల్డెన్ అని ద్రాక్షతోటల నడుమ చక్కటి ఊరు. కొయ్యచట్రాల ఇళ్ళు, కిటికీల్లో పూలు. ఎదురైనవాళ్ళు "హలో" అని సాగిపోతారు. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగే నాథుడు లేడు. ఊరి పైన నడకదారి పక్కన సన్నటి ధారగా ఊటనీళ్ళు పడే తొట్టి ఒకటి ఉంటుంది. ఆ చల్లటి నీళ్ళలో చెర్రీ పళ్ళ సారా సీసాలు మునిగి ఉంటాయి. పక్కన ధరల చీటీ, డబ్బులు వేసే డబ్బా. కాపలా లేదు, కెమెరా లేదు. తాగినవాడు తనంతట తనే లెక్కేసుకుని చిల్లర వేసి పోవాలట. అడవిలో, మందు దగ్గర, మనిషి మీద నమ్మకం! మన ఎక్సైజ్ శాఖ వారు ఈ పేరా చదవకపోతేనే మంచిది.

అన్నిటికన్నా కంగారు పెట్టే విషయం ఇంకొకటుంది. ఈ గుర్తులన్నీ చూసుకునేది జీతం లేని వాలంటీర్లు. రెమ్మలు అడ్డొస్తే కత్తిరిస్తారు, బోర్డు మీద నాచు పడితే తుడుస్తారు, ఇంటికి పోతారు. టెండర్ లేదు, బిల్లు లేదు, ప్రారంభోత్సవం లేదు. మన దగ్గరైతే అరచేతిలో ఇమిడే పసుపు గుర్తుకు ఆరడుగుల శిలాఫలకం వేసేవాళ్ళం. దాని మీద పేర్లన్నీ చదువుతూ నిలబడితే పొద్దు గూకేది. దారెటో మాత్రం ఆ పేర్లలో ఉండదు.

మనకు అడవిదారులు లేక కాదు ఈ ఏడుపు. ఉగాదికి కన్నడ భక్తులు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో నడిచి శ్రీశైలం చేరుతారు. అక్కడ గుర్తు అంటే ముందు నడిచేవాడి వీపే. ఆయన ఆగితే ఆగాలి, ఆయన కూర్చుంటే అక్కడ అన్నదానమని అర్థం. దీనికి దశాంశం ఎందుకండీ?

కాబట్టి జర్మన్లకు ఒక మనవి. స్తంభాలన్నీ పీకించి, కూడలికి ఇద్దరు చొప్పున మన తెలుగు పెద్దాయనలను వేసుకోండి. ఒకాయన ఎడమకు చెయ్యి చూపిస్తాడు. రెండో ఆయన "నువ్వుండవయ్యా, నీకేం తెలుసు" అని కుడికి చూపిస్తాడు. వీళ్ళూ వాలంటీర్లే, జీతం అక్కర్లేదు, రెండు పూటలా టీ చాలు. ఎంపికకు పరీక్షలు కూడా దండగ. వీసా ఇంటర్వ్యూలో "ముమ్మెల్‌జే చెరువుకు ఎటు పోవాలి?" అని ఒక్క ప్రశ్న వేయండి. పేరు కూడా ఎన్నడూ వినని ఆ చెరువుకు తడుముకోకుండా దారి చెప్పినవాడికి అక్కడికక్కడే స్టాంపు కొట్టేయండి.