పెరట్లో కుక్క మలం మట్టిలో కలిసిపోతుందనేవాళ్ళకు

కుక్కను పెంచుకునేవాళ్ళ నోట నేను తరచూ వినే మాట ఒకటుంది. పెరట్లో అది దొడ్డికి వెళ్ళిందాన్ని ఎప్పుడు తీస్తారని అడిగితే, “తీయడమెందుకండీ, రెండు వానలు పడితే మట్టిలో కలిసిపోతుంది, పైగా మొక్కలకు ఎరువు కదా” అంటారు. బాగా చదువుకున్నవాళ్ళు, కుక్క ఒక పూట ముద్ద ముట్టకపోతే బెంగపెట్టుకునేవాళ్ళు కూడా ఇదే అంటారు. వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మాటలో రెండు ముక్కలూ తప్పే. మొదటిదైతే పిల్లల కళ్ళ మీదికి తెచ్చే తప్పు.

కలిసిపోయేది పైకి కనిపించే కుప్ప మాత్రమే. కుక్కల పేగుల్లో ఏలికపాములు ఉంటాయి, టాక్సోకారా కానిస్ అంటారు వాటిని. ఒక్కో ఆడపురుగు రోజుకు లక్ష దాకా గుడ్లు పెట్టగలదు, అవన్నీ మలంతోపాటు బయటికి వస్తాయి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, అప్పుడే పడిన మలంలో ఉన్న గుడ్లు ఎవరికీ అంటుకోవు. వాటి లోపల లార్వా, అంటే పిల్లపురుగు, తయారవడానికి వేడినీ తేమనీ బట్టి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంటే “పోయిందిలే, ఆనవాలు కూడా లేదు” అని మనం నిశ్చింతగా ఉండే సమయానికే అవి మనిషికి అంటుకునే స్థితికి వస్తాయి. అలా వచ్చినవి మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. వాన వాటిని చంపదు, పక్కకు జరుపుతుంది అంతే. అందుకే నేను పదేపదే చెప్పేది ఒక్కటే: ఏ రోజుది ఆ రోజు తీసేయండి. వాసన కోసం కాదు, అందం కోసం కాదు, గుడ్లకు ఆ టైమ్ ఇవ్వకుండా ఉండటానికి.

చిన్నపిల్లలు మట్టిలో ఆడి ఆ వేళ్ళే నోట్లో పెట్టుకుంటారు. లోపలికి వెళ్ళిన గుడ్ల నుంచి లార్వాలు బయటికొచ్చి రక్తంతోపాటు కాలేయానికో ఊపిరితిత్తులకో చేరతాయి. ఎక్కువమందిలో ఏ లక్షణమూ కనిపించకుండానే పోతుంది, నిజమే, లేనిపోని భయం పెట్టను. కానీ ఆ లార్వా కంటికి చేరితే ఆ కంటి చూపే పోవచ్చు. 1950లో హెలెనార్ వైల్డర్ అనే పరిశోధకురాలు, ఎక్కువగా క్యాన్సర్ అనే అనుమానంతో తీసేసిన పిల్లల కళ్ళను మైక్రోస్కోపు కింద పరీక్షిస్తే వాటిలో కొన్నింట్లో కనిపించింది పురుగు లార్వా. అది ఈ కుక్క ఏలికపామేనని తర్వాత తేలింది. ఈ సంగతి చదివిన రోజు నుంచి ‘కలిసిపోతుందిలే’ అనే మాట విని ఊరుకోవడం నా వల్ల కావట్లేదు.

కుక్క మలంతో మట్టిలోకి చేరే ఇంకో రకం, కొంకిపురుగులు (హుక్‌వార్మ్స్). వీటికి నోటిదాకా రావాల్సిన పని కూడా లేదు, తడి మట్టి మీద ఒట్టి కాళ్ళతో నడిస్తే చర్మంలోంచే దూరతాయి, పాదం మీద వంకరటింకర ఎర్ర గీత పడి ఒకటే దురద.

ఇక ఎరువు సంగతి. పశువుల పేడ వేరు, ఇది వేరు. పశువు తినేది గడ్డి, కుక్క తిండిలో మాంసకృత్తులు ఎక్కువ, దాంతో మలంలో నత్రజని ఎక్కువై అది పడిన చోట గడ్డి పసుపు రంగుకు తిరిగి మాడిపోతుంది. కంపోస్ట్ చేయొచ్చు కదా అంటారు. ఏలికపాము గుడ్లు చావాలంటే కుప్ప మధ్య వేడి 60 డిగ్రీల దాకా వెళ్ళి నిలవాలి, ఇంటి మూలన పెట్టుకునే చిన్న డబ్బాలో అంత వేడి పుట్టడం కష్టం. వేడి కొలిచే థర్మామీటరు, రంపపు పొట్టు, పెద్ద కుప్ప, తిరగేసే ఓపిక అన్నీ ఉన్నవాళ్ళు చేసుకోవచ్చు, అప్పుడు కూడా ఆ ఎరువు పూలమొక్కలకే, ఆకుకూరల మడికి మాత్రం వద్దు.

పైపుతో నీళ్ళు కొట్టి కడిగేసేవాళ్ళను చూస్తే ఇంకా బాధ. శుభ్రం చేశామనే అనుకుంటారు పాపం, ఒక చోట ఉన్నదాన్ని పెరడంతా పరిచి, మిగిలింది వాననీటి కాలువలోకి పంపుతున్నారు. ఆ నీళ్ళు చాలాచోట్ల ఏ శుద్ధీ లేకుండా నేరుగా చెరువుకో ఏటికో వెళ్ళిపోతాయి. ఫినాయిల్ పోస్తే వాసన మారుతుందే గానీ ఏలికపాము గుడ్లు చావవు, పైగా ఫినాల్ ఉన్న మందులు కుక్కలకు హాని, పిల్లులకైతే విషమే. సున్నం చల్లితే కుక్క అరికాళ్ళు కాలతాయి. గోడ అవతలికి విసిరేసేవాళ్ళ గురించి రాయాలంటే నా నోటికి మంచి మాట రాదు కాబట్టి వదిలేస్తున్నా.

చేయాల్సిన పని ఐదు నిమిషాలది. కవరును తిరగేసి చేతికి తొడుక్కుని, మలాన్ని పట్టుకుని, కవరును మళ్ళీ బయటికి లాగి ముడి వేయడం, అంతే. పలచగా ఉంటే దాని మీద బూడిదో రంపపు పొట్టో పొడి మట్టో చల్లి కాసేపు ఆగండి, గట్టిపడ్డాక చిన్న పారతో కింది మట్టితో సహా ఒక పొర ఎత్తేయండి. గడ్డిలో అయితే వేళ్ళతో గీకే ప్రయత్నం చేయకండి, ఆ నాలుగు పోచలూ కోసి పారేయడమే నయం. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గ్లవ్స్ వేసుకున్నా సరే. కవరు చెత్తబండికి ఇవ్వడమో, డ్రైనేజీ సరిగ్గా ఉన్న ఇల్లయితే మలం మాత్రమే టాయిలెట్‌లో వేయడమో చేయొచ్చు, కవరు మాత్రం వేయకండి, ‘కరిగిపోతుంది’ అని రాసి ఉన్నా. గొయ్యి తీసి పూడ్చేవాళ్ళు అడుగుకు తగ్గకుండా తవ్వండి, బావికీ బోరుకూ కూరగాయల మడికీ దూరంగా.

రోజూ తీసేవాళ్ళకు ఇంకో లాభం ఉంది. కుక్కకు నోరు లేదు, దానికేమైందో ముందుగా చెప్పేది ఇదే. తారులా నల్లగా జిగురుగా ఉంటే పొట్టలో ఎక్కడో రక్తం కారుతున్నట్టు అనుమానించాలి. బియ్యపుగింజల్లాంటి తెల్లటి ముక్కలు కదులుతూ కనిపిస్తే బద్దెపురుగులు, అవి ఎక్కువగా కుక్క ఒంటి మీద గెంతే చిన్న పురుగుల (ఫ్లీల) వల్ల వస్తాయి కాబట్టి వాటికీ మందు వేయాలి. వారానికోసారి ఎండిపోయిన కుప్పలు ఎత్తేవాళ్ళకు ఇవేవీ కనిపించవు. ఎండాకాలంలో వారమంటే ఈగల గుడ్లు పురుగులై, పురుగులు ఈగలై ఎగిరిపోయేంత సమయం కూడా.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది, ఈ పని ఎవరి మీద పడుతోందన్నది. కుక్కతో ఆడేది ఒకరు, ఫొటోలు దిగేది ఇంకొకరు, మలం ఎత్తేది మాత్రం అమ్మ, లేదా ఇంట్లో పనికొచ్చే మనిషి, అదీ చేతికి ఒక కవరు కూడా ఇవ్వకుండా. ఇది అన్యాయం. కుక్క నాది అని ఎవరు చెప్పుకుంటే పార వాళ్ళే పట్టుకోవాలి. పని మనిషికి అప్పజెప్పక తప్పదనుకుంటే ముందే అడగండి, దానికి విడిగా డబ్బివ్వండి, గ్లవ్స్ కొనివ్వండి.

పని తగ్గాలంటే కుక్కకు ఒక మూల అలవాటు చేయండి. తిన్న కాసేపటికి బెల్టు పట్టుకుని రోజూ అదే చోటికి తీసుకెళ్ళడం, అయ్యాక మెచ్చుకోవడం, కొన్ని వారాల్లో దానంతట అదే వెళ్తుంది. నులిపురుగుల మందు మరిచిపోవద్దు. కుక్కపిల్లలకు రెండో వారం నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఏలికపాములు తల్లి కడుపులోనే వాటికి వచ్చేస్తాయి. పెద్ద కుక్కలకు కనీసం మూడు నెలలకోసారి, మోతాదు మాత్రం డాక్టర్ చెప్పినంతే.

పెరట్లో ఇంతకుముందు ఏ కుక్కకైనా పార్వో (కుక్కలకు వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చే వైరస్ జబ్బు) వచ్చి ఉంటే సంగతి ఇంకా సీరియస్. ఆ వైరస్ మలంలోంచి మట్టిలోకి చేరి నెలల తరబడి, నీడపట్టునైతే ఏడాది దాకా కూడా ఉంటుంది. టీకాలన్నీ పూర్తికాని కుక్కపిల్లను ఆ మట్టి మీద దించకండి, ఎంత ముద్దొచ్చినా సరే ఎత్తుకునే ఉండండి.