పెదనాన్న కారుకి రంగు వేయించొద్దు

పెదనాన్న పదమూడో రోజు భోజనాల దగ్గరే ఆ మాట వచ్చింది. గ్యారేజీలోకి తొంగి చూసొచ్చిన ఒక పెద్దాయన చెయ్యి కడుక్కుంటూ, "బాబూ, ఆ కారుకి మంచి రంగు కొట్టించి సీట్లు మార్పించావంటే లక్ష డాలర్లకు తక్కువ పోదు" అన్నారు. పక్కనున్న ఇద్దరు అవునన్నారు. ఒకాయనకి మా మిషిగన్‌లోని ట్రాయ్‌లో తెలిసిన బాడీ షాపు కూడా ఉందట. ఆ రోజు నేనూ తలూపాను. ఆ ఊపిన తల నాకు ఎంతకి పడేదో తర్వాత తెలిసింది.

కారు 1969 పాంటియాక్ జీటీఓ. పెదనాన్న 1968లో తెనాలి నుంచి డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చారు. తర్వాత వారెన్‌లో విడిభాగాల కంపెనీలో ఉద్యోగం, రాయల్ ఓక్‌లో ఇల్లు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేసినప్పుడు గ్యాస్ (అంటే పెట్రోలు) బాగా తాగే ఇలాంటి బండ్లను జనం అయినకాడికి వదిలించుకున్నారు. ఆ చలికాలంలోనే ఆయన దీన్ని 900 డాలర్లకి కొన్నారు. "ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి, ఆ కారు దగ్గరే మతి పోగొట్టుకున్నాడు" అంటుంది పెద్దమ్మ ఇప్పటికీ. అంటుంది గానీ, కొన్న రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, స్టీరింగు మధ్యలో గంధం, కుంకుమ బొట్టు పెట్టింది ఆవిడే. ఆ బొట్టు ఇంకా ఉంది. దాని సంగతి మళ్లీ చెప్తాను.

ఇలాంటి బండ్లని మజిల్ కార్లంటారు, అంటే మధ్య సైజు బండిలో పెద్ద ఇంజను కూర్చోబెట్టినవి. 1964లో పాంటియాక్ వాళ్లు టెంపెస్ట్ లెమాన్స్ అనే మామూలు కారుకి జీటీఓ పేరుతో ఒక ప్యాకేజీ తగిలించి అమ్మడంతో ఆ ఊపు మొదలైంది. దాన్ని అణచిన వాళ్లలో గ్యాస్ ధరలు, పొగ నిబంధనలతో పాటు ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా ఉన్నాయి. హార్స్ పవర్ ఎక్కువున్న కార్ల మీద, అందులోనూ కుర్రాళ్లు నడిపే వాటి మీద, ప్రీమియం విపరీతంగా పెంచేశారు. ఆ కార్లనే ఇప్పుడు బుజ్జగించి ఇన్సూరెన్స్ చేయడానికి ప్రత్యేకంగా కంపెనీలు వెలిశాయి. వాటిలో పేరున్న హ్యాగర్టీ మన మిషిగన్‌లోని ట్రావర్స్ సిటీదే. 1984లో పాతకాలపు చెక్క పడవలకి ఇన్సూరెన్స్ చేయడంతో మొదలైంది.

రంగు దగ్గరికొస్తాను. మా కారు రంగు పాలిపోయిన ఆకుపచ్చ. బానెట్ మీద అక్కడక్కడా కింది పూత కనిపిస్తోంది. జీటీఓకి ముందు బంపరు క్రోమ్‌ది కాదు, ఎండ్యూరా అనే రబ్బరు లాంటి పదార్థంతో చేసి కారు రంగే వేస్తారు. దాని మీద సన్నటి పగుళ్లు, ఎండిన చెరువు నేలలా. ఎవరు చూసినా "అయ్యో" అనే అంటారు. కానీ అది ఆనాడు ఫ్యాక్టరీలో వేసిన యాక్రిలిక్ లాకర్ అనే రంగు పూత. దాన్ని గీకి ఈనాటి రంగు కొడితే మెరుస్తుంది, సందేహం లేదు. మెరిసే 1969 జీటీఓలు దేశం నిండా ఉన్నాయి. డబ్బు, ఓపిక ఉంటే ఇంకొకటి తయారవుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టున్న కారుని మాత్రం ఎన్ని డబ్బులు పోసినా మళ్లీ తయారు చేయలేరు.

మనకిది కొత్త సంగతేం కాదు. అమ్మమ్మ కాసులపేరు కరిగించి కొత్త మోడల్ హారం చేయించిన ఇళ్లు మనలో ఎన్ని లేవు? తరుగు, మజూరీ పోగా చేతికొచ్చిన బంగారం ఎంతో తూకంలో తెలుస్తుంది. పోయిన పనితనానికి తూకమే లేదు. గుళ్లలో జీర్ణోద్ధరణ పేరుతో పాత శిల్పాల మీద ఎనామిల్ పెయింటు వేసే బుద్ధీ ఇదే. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

నమ్మకం కుదరకపోతే ఒక కారు కథ వినండి. 1968లో వచ్చిన 'బుల్లిట్' సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్‌ని 1974లో కియర్నన్ అనే కుటుంబం 6,000 డాలర్లకి కొన్నది. ఆ ఇంటావిడ దాన్నేసుకుని రోజూ స్కూలుకి పాఠాలు చెప్పడానికి వెళ్లేది. తర్వాత క్లచ్ పోయి మూలన పడింది. అంతకు ముందు 1977లో మెక్వీన్ తనకి అమ్మమని ఉత్తరం రాసినా ఇవ్వలేదు. తండ్రి పోయాక కారు కొడుకు చేతికొచ్చింది. అతను నడిచేలా చేశాడు గానీ, రంగు జోలికి పోలేదు. షూటింగులో కెమెరాల కోసం చేసిన మార్పుల గుర్తులు కూడా అలాగే ఉంచాడు. 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిస్సిమీ వేలంలో అది ఖర్చులతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది. సినిమా కారు కాబట్టి అంత వచ్చింది, మన గ్యారేజీల్లో ఉన్నవాటికి రాదు. కానీ ఆ గుర్తులన్నీ చెరిపేసి కొత్త రంగు కొట్టించి ఉంటే, అది సినిమా కారేనని చూపడానికి ఏం మిగిలేది?

కాబట్టి నా మాట ఇది. ముందు విలువ కట్టించండి, ఆ తర్వాతే చెయ్యి వేయండి. కడగడం కూడా ఫొటోలు తీశాకే. ఇంజను అసలే స్టార్ట్ చేయొద్దు. ఏళ్ల తరబడి ట్యాంకులో ఉన్న గ్యాస్ జిగురైపోయి ఉంటుంది, సిలిండర్లు ఎండిపోయి ఉంటాయి. "ఒకసారి తాళం తిప్పి చూద్దాం" అని సరదా పడ్డవాళ్లు ఇంజను పాడు చేసుకున్నారు.

విలువ కట్టడమంటే కారు చుట్టూ తిరిగి ఒక అంకె చెప్పడం అనుకున్నాను. అందులో సగం పని కాగితాలదే. అద్దం లోంచి డ్యాష్‌బోర్డు మీద కనిపించే విన్ నంబరు, అంటే కారు గుర్తింపు నంబరు, మాది 242తో మొదలవుతుంది. 242 అంటే ఆ ఏడాది జీటీఓ. 237 అని ఉంటే లెమాన్స్‌కి జీటీఓ వేషం వేశారన్నమాట. (1964, 65 కార్లకి ఈ సుళువు లేదు, జీటీఓ అప్పుడు ప్యాకేజీ మాత్రమే కాబట్టి నంబరు ఏమీ చెప్పదు.) విన్‌లోని కొన్ని అంకెలు ఇంజను మీద కూడా కొట్టి ఉంటాయి. అవి కలిస్తేనే అది కారుతో పుట్టిన ఇంజను. ఆపైన పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వాళ్లకి ఫీజు కట్టి నంబరిస్తే, కారు ఫ్యాక్టరీ నుంచి ఏ రంగుతో, ఏ ఇంజనుతో, ఏయే హంగులతో డీలరుకి వెళ్లిందో ఆనాటి బిల్లు కాపీ పంపిస్తారు. పాంటియాక్ మూతబడినా ఆ చిట్టా మిగిలింది. ఇలాంటి అదృష్టం అన్ని కంపెనీల కార్లకీ లేదు.

ఆ కాగితం మా తమ్ముడి ఆశ మీద నీళ్లు చల్లింది. తమ్ముడంటే చిన్నాన్న కొడుకు, డాలస్‌లో ఉంటాడు. పెదనాన్న వీలునామాలో కారు మా ఇద్దరికీ సమానంగా రాశారు. వాడు ఏదో వేలంలో జీటీఓలోనే ప్రత్యేక రకమైన 'జడ్జ్' లక్ష దాటడం చూసి, "అన్నయ్యా, మనదీ అదేగా" అన్నాడు. కాదు. 1969లో తయారైన 72,287 జీటీఓల్లో జడ్జ్‌లు 6,833 మాత్రమే. అప్పట్లో 332 డాలర్ల ప్యాకేజీ అది. మాది మామూలు 400 క్యూబిక్ అంగుళాల ఇంజను, 350 హార్స్ పవర్, నాలుగు గేర్లు. చారలు అంటించి, వెనక రెక్క బిగించి జడ్జ్ చేసేయొచ్చని సలహా ఇచ్చిన వాళ్లూ ఉన్నారు. దానికి మన భాషలో వేరే పేరుంది.

అప్రైజర్‌ని, అంటే విలువ కట్టే మనిషిని, పెట్టుకునేటప్పుడు రెండు విషయాలు చూశాను. ఫీజు కారు విలువలో శాతం కాకూడదు, ఆయన ఆ కారు కొనే ఉద్దేశం ఉన్నవాడై ఉండకూడదు. వచ్చినాయన రంగు మందం కొలిచే మీటరు అంగుళం అంగుళం ఆనించి చూశాడు. చట్రం కిందకి దూరి స్క్రూడ్రైవరుతో పొడిచాడు, ఇక్కడి రోడ్ల ఉప్పు ఏ ఇనుమునీ వదలదు గనక. చివర్లో స్టీరింగు మీది మరక ఏమిటని అడిగాడు. పెద్దమ్మ నిమ్మకాయలతో సహా మొత్తం చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, ఫొటో తీసుకుని, రిపోర్టులో "మొదటి నుంచీ ఉన్న కుటుంబం పెట్టిన గుర్తు, తుడవలేదు" అని రాసుకున్నాడు. మొదటి నుంచీ కాదు, మాది రెండో చెయ్యి అని పెద్దమ్మే సరిదిద్దింది.

ఆ రిపోర్టులో రెండు అంకెలుంటాయి, ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఒకటి మార్కెట్ విలువ: పెదనాన్న పోయిన రోజున ఇష్టపడి కొనేవాడు, ఇష్టపడి అమ్మేవాడు ఒప్పుకునే ధర. పంపకానికి, పన్నుకి పనికొచ్చేది ఇదే. వారసత్వంగా వస్తే ఆ రోజు విలువే మన కొన్న ధరగా లెక్క. అదే ఆయన బతికుండగా "నా చేతుల మీదుగా ఇచ్చేస్తా" అని బహుమతిగా ఇచ్చి ఉంటే, ఆయన పెట్టిన 900 డాలర్ల నుంచే లాభం లెక్కేసేవారు. మన పెద్దవాళ్లకి ప్రేమతో ముందే ఇచ్చేసే అలవాటు ఉంది. ఒక్కసారి అకౌంటెంట్‌ని అడిగి ఇవ్వండి. రెండో అంకె ఇన్సూరెన్స్ కోసం: ఈ కారు పోతే ఇలాంటిదే వెతికి తెచ్చుకోవడానికి ఎంతవుతుందని. సహజంగానే ఇది కొంచెం పెద్దది. తమ్ముడు వాటా లెక్కకి పెద్ద అంకె పట్టుకున్నాడు, నేను చిన్నది పట్టుకున్నాను. రెండు వారాలు ఫోన్లు పొడిపొడిగా సాగాయి. ఇన్సూరెన్స్ అంకె తగ్గించి రాయిస్తే వాడికి ఇవ్వాల్సిందీ తగ్గుతుందేమోనన్న పిసినారి ఆలోచన నాకు ఒక రాత్రి వచ్చింది, ఒప్పుకుంటాను. చివరికి మార్కెట్ విలువలో సగం వాడికిచ్చి కారు నేను ఉంచుకున్నాను.

ఇన్సూరెన్స్ విషయంలో నా మొదటి తప్పు, రోజూ నడిపే కార్లున్న కంపెనీకే ఫోన్ చేసి దీన్నీ కలపమనడం. వాళ్లు సంతోషంగా కలిపేవాళ్లే. మామూలు పాలసీ యాక్చువల్ క్యాష్ వాల్యూ మీద నడుస్తుంది, అంటే ఏళ్లు గడిచేకొద్దీ తరుగు తీసేస్తారు. యాభై ఏళ్లు దాటిన కారుకి తరుగు తీస్తే మిగిలేదేంటి? గట్టిగా అడిగితే స్టేటెడ్ వాల్యూ అన్నారు. పేరు వింటే మనం చెప్పిందే ఇస్తారనిపిస్తుంది. చాలా పాలసీల్లో చిన్న అక్షరాల్లో ఉండేది, మనం చెప్పినదీ వాళ్లు కట్టినదీ రెంటిలో ఏది తక్కువైతే అది ఇస్తామని. మనకి కావలసింది అగ్రీడ్ వాల్యూ. అప్రైజర్ రిపోర్టు చూసి ఇద్దరూ ముందే ఒక అంకెకి ఒప్పుకుంటారు, కారు పూర్తిగా పోతే ఆ అంకె ఇస్తారు, బేరాలు లేవు. మాది 38,000కి రాయించాను. ప్రీమియం నా క్యామ్రీ కంటే తక్కువ, ఎందుకంటే ఇది కదిలేది తక్కువ. షరతులు ఉంటాయి: తాళం వేసిన గ్యారేజీ, రోజువారీకి వేరే కారు, దీని మీద ఆఫీసుకి వెళ్లకూడదు. నడవని కారుకి దొంగతనం, అగ్ని ప్రమాదాల వరకే చేసే పాలసీ కూడా దొరుకుతుంది. ఎలుకలు వైర్లు కొరికితే ఇస్తారా, ట్రక్కు మీద తరలించేటప్పుడు వర్తిస్తుందా, ప్రమాదం తర్వాత శిథిలం మనకే ఉంటుందా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంటి ఇన్సూరెన్స్ ఉందిగా, గ్యారేజీ కాలినా వస్తుందిలే అనుకునేవాళ్లకి ఒక మాట. సాధారణంగా అది రోడ్డెక్కే వాహనాలకి వర్తించదు. పోయినాయన పేరు మీదున్న కారు పాలసీ కూడా గడువు తీరేదాకానే కాపాడుతుంది. మా ఇంట్లో ఆ గడువు ఎప్పుడో కూడా ఎవరికీ తెలియలేదు. కర్మకాండల హడావిడిలో ఎవరు చూస్తారు?

అసలేమీ మార్చకూడదని కాదు. ముందు చక్రాలకి డ్రమ్ బ్రేకులున్న కారుతో పాత గొట్టాలు, పాత టైర్లు నమ్ముకుని రోడ్డెక్కితే చావు కొనితెచ్చుకోవడమే. అవి మార్పించాను. తీసినవన్నీ చీటీలు కట్టి దాచాను. చట్రాన్ని తుప్పు తినేసి ఉంటే పూర్తిగా విప్పి బాగు చేయించడమే దారి, అప్పుడు లెక్క వేరు. పెదనాన్న కూడా ఎప్పుడో కార్బ్యురేటర్ (ఇంజనులోకి గాలి, గ్యాస్ కలిపి పంపే భాగం) మార్చారట. పాతది ఏమైందో తెలియక అప్రైజర్ రిపోర్టులో కొంత కోత పడింది. నెల తర్వాత పెద్దమ్మ బేస్‌మెంట్ సర్దుతూ, ఇండియా నుంచి తెచ్చిన ప్రెస్టీజ్ కుక్కర్ డబ్బా పారేయబోతూ బరువుగా ఉందని తెరిచింది. తెలుగు పేపరులో చుట్టి ఉంది క్వాడ్రాజెట్, అదే ఆ పాత కార్బ్యురేటర్, నంబరుతో సహా.

మిషిగన్‌లో హిస్టారిక్ ప్లేటు, అంటే పాతకాలపు కార్లకిచ్చే నంబరు ప్లేటు, ఉన్న కారుని ఆగస్టు నెలంతా మామూలుగా తిప్పుకోవచ్చు. ఆ నెల మూడో శనివారం జరిగే పాత కార్ల ఊరేగింపు వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూయిజ్‌కి తమ్ముడు వస్తానన్నాడు. ఆలోపు ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి కార్బ్యురేటర్‌ని విడిభాగాల కింద రాయించాలి. డబ్బా మాత్రం పెద్దమ్మ వెనక్కి అడుగుతోంది.