ఫిషర్‌నే ఓడించిన ఎత్తు

చదరంగంలో పిరికితనం ఎక్కడ మొదలవుతుందో చెప్పమంటారా? రెండో ఎత్తులో. ఇరువైపులా రాజు ముందున్న బంట్లు రెండేసి గళ్లు కదిలాయి. తెలుపు గుర్రం ఎఫ్3 గడికి దూకి, ఈ5 గడిలోని నల్ల బంటు మీద కన్నేసింది. ఇప్పుడు లోకమంతా ఏం చేస్తుంది? సీ6లోకి గుర్రాన్ని తెచ్చి బంటుకు కాపలా పెడుతుంది. సిగ్గుచేటు!

లాట్వియన్ గ్యాంబిట్ (ఆట మొదట్లోనే బంటును ఎరవేసే ఎత్తుగడ) వీరుడు అలా కాదు. ఎఫ్5 అంటూ ఇంకో బంటును ముందుకు తోస్తాడు. తన బంటు పోతోందన్న సంగతి పక్కనపెట్టి, మీ ఈ4 బంటు మాటేమిటని నిలదీస్తాడు. అసెంబ్లీలో లెక్కలడిగితే "మీ హయాంలో ఏం జరిగిందో చెప్పమంటారా?" అని లేచే మంత్రిగారికి ఈ ఓపెనింగ్ ఎవరూ నేర్పలేదు, సహజ ప్రతిభ.

గిట్టనివాళ్లు ఏవో అంటారు. ఎఫ్ బంటు జరిగితే హెచ్5 నుంచి నల్లరాజు దాకా దారి తెరుచుకుంటుందట. గుర్రం ఈ5 బంటును తినేస్తే మూడో ఎత్తుకే మంత్రి ఎఫ్6కి పరుగెత్తాలట. నిజమే, అయితే ఏంటి? తెలుపు బిషప్ సీ4కి వస్తే ఇంకా రంజుగా ఉంటుంది. నలుపు మంత్రి జీ5కి వెళ్లి, జీ2 బంటును తిని, హెచ్1 ఏనుగు మీద గురిపెడుతుంది. ఈలోగా చెక్ మీద చెక్. నల్లరాజు నడుచుకుంటూ డీ8కి చేరతాడు. చివరికి ఏనుగు దక్కుతుంది కదా, రాజు ఎక్కడుంటేనేం?

ఈ గ్యాంబిట్‌కు మొదట 17వ శతాబ్దపు ఇటలీ ఆటగాడు గ్రెకో పేరుండేది. లాట్వియాకు చెందిన కార్లిస్ బేటిన్ష్ వంటివాళ్లు విశ్లేషణల మీద విశ్లేషణలు చేశాక వాళ్ల దేశం పేరొచ్చింది. ఇప్పుడేమో చెస్ లెక్కగట్టే కంప్యూటర్ ఇంజిన్లు తెలుపుకే స్పష్టమైన ఆధిక్యం చూపిస్తున్నాయి. పక్షపాతం కాకపోతే మరేమిటి!

1955లో నెబ్రాస్కాలోని లింకన్‌లో జరిగిన అమెరికా జూనియర్ పోటీలో విక్టర్స్ పుపోల్స్ అనే ఆటగాడు దీంతోనే, తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన బాబీ ఫిషర్‌ను ఓడించాడు. అభిమానులకు ఈ ఒక్క ఆట చాలు, తరాలపాటు చెప్పుకోవచ్చు. అప్పటికి ఫిషర్ వయసు 12 ఏళ్లేనని గుర్తుచేసేవాళ్లకు ఆటలో రసం తెలియదు.

పెద్ద పోటీల్లో ఇది అరుదుగా కనిపిస్తుందంటే కారణం గ్రాండ్‌మాస్టర్లకు రేటింగ్ మీదున్న మమకారమే. అసలు శౌర్యం ఆన్‌లైన్‌లో, మూడు నిమిషాల మెరుపు ఆట బ్లిట్జ్‌లో చూడాలి. గెలిస్తే గ్యాంబిట్ మహిమ. ఓడితే మౌస్ జారింది.