పదిహేను పీసులూ, పాతిక మామిడికాయలూ

పెట్టె మీద ‘15 పీసులు’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అసలు ధర 32,999ని అడ్డంగా కొట్టేసి, పక్కన ఎర్రగా 13,860 అని వేస్తారు. ఇంటాయన ఫోన్లో భాగహారం చేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడతాడు.

"పీసుకి 924 రూపాయలేనే!"

"పదిహేను కత్తులెందుకండీ? దండయాత్రకేమన్నా వెళ్తున్నామా?" అంటుంది ఆవిడ, ఉల్లిపాయ మీంచి తలెత్తకుండా.

కత్తుల సెట్టు కొనాలన్న బుద్ధి రోజూ కూరలు తరిగేవాళ్ళకి పుట్టదు. వీడియోలో ఎవరో టమాటాని అవతలి వైపు కనపడేంత పల్చగా కోస్తుంటే సోఫాలో కూర్చుని చూసినవాళ్ళకి పుడుతుంది. ఆ ఊపులో చేసిన భాగహారం కనక అది తప్పుతుంది.

ఎలా తప్పిందో పెట్టె విప్పితే తెలుస్తుంది. చెక్క దిమ్మ ఒక పీసు. కత్తెర ఇంకోటి. గుండ్రటి ఇనుప కడ్డీ మూడోది. స్టీక్ కత్తులు ఆరు. అంటే పదిహేనులో తొమ్మిది అక్కడికే చెల్లు. స్టీక్ కత్తి అంటే పెద్ద మాంసపు ముక్కని పళ్ళెంలో పెట్టుకుని కోసుకు తినడానికి. మన పళ్ళెంలో కోడి ముక్క వేలు తగిలితే విడిపోతుంది, వేటమాంసం ముక్కల్ని కొట్టువాడే కొట్టి ఇస్తాడు. మిగిలిన ఆరింట్లో పొడుగ్గా, సన్నగా ఉండేది నిండుగా కాల్చిన టర్కీ కోడిని పొరలుగా కోయడానికి. ఏడంగుళాల సాంటోకు అనే జపాన్ తరహా వంటకత్తి, ఎనిమిదంగుళాల షెఫ్ నైఫ్ చేసే పనినే చేస్తుంది. అయిదంగుళాలది అటు పెద్ద పనికీ చాలదు, ఇటు చిన్న పనికీ ఒదగదు. నికరంగా పనికొచ్చేవి మూడే: ఎనిమిదంగుళాల పెద్ద కత్తి, మూడున్నర అంగుళాల చిన్న చాకు, రంపపు పళ్ళ బ్రెడ్డు కత్తి. ఇప్పుడు భాగహారం చెయ్యండి. ఒక్కోటి 4,620.

ఇక మీద రాసిన బిరుదులు. కత్తి మీద ‘సోలింగెన్’ అని వెయ్యాలంటే అది జర్మనీలోని ఆ ఊరి ప్రాంతంలోనే తయారవ్వాలని అక్కడ చట్టం ఉంది. ‘జర్మన్ స్టీల్’ అన్న మాటకి మాత్రం అలాంటి ప్రత్యేక చట్టమేదీ లేదు. ‘జపనీస్ స్టైల్’లో జపాన్ వాటా ఆ రెండో మాట దగ్గరే ఆగిపోతుంది. ‘డమాస్కస్’ అన్నదాని మీద అలలు అలలుగా గీతలుంటాయి. చవక వాటిలో ఆ గీతలు లేజరుతో గీసినవే. నిజంగా పొరలు అతికిన ఉక్కయితే రెండు వైపులా అలలు వేరువేరుగా ఉంటాయి, కత్తి వెన్ను మీద కూడా పొరలు కనిపిస్తాయి. లేజరు గీత వెన్ను దగ్గరికొచ్చేసరికి చటుక్కున ఆగుతుంది. అయినా డమాస్కస్ పేరుతో మనకి ఎవరో కొత్తగా ఉక్కు అమ్మాలా? ఒకప్పుడు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక వ్యాపారులు వచ్చేవారు. డమాస్కస్ ఖడ్గాలని పేరుమోసినవాటికి ముడిసరుకు అలాంటి మూస ఉక్కే. ఇప్పుడు ‘డమాస్కస్’ అని అమ్మేది పొరలు అతికిన వేరే రకం. ఇంటాయనకి ఈ చరిత్ర చెప్తే, "చూశావా, మన ఉక్కే" అని వెంటనే ఆర్డరు పెట్టేస్తాడు. కాబట్టి చెప్పకపోవడం మేలు.

చెప్పకపోయినా పెట్టాడు. సెట్టు వచ్చింది. లోపలి కాగితం మీద ‘రాక్‌వెల్ 60, అంచు 12 డిగ్రీలు’ అని ఉంది. అంత ప్రచారంలో నిజమైంది ఇదొక్కటే, ఇల్లు అతలాకుతలమైందీ దీనివల్లే.

రాక్‌వెల్ అంటే ఉక్కు గట్టిదనానికి కొలత. డిగ్రీలంటే అంచుని ఒక్కో వైపు ఎంత కోణంలో అరగదీశారన్నది, అది ఎంత తక్కువైతే అంచు అంత పల్చన. మామూలు జర్మన్ వంటకత్తులు 56 నుంచి 58 దాకా ఉంటాయి. దెబ్బ తగిలితే వాటి అంచు వంగుతుంది గానీ విరగదు. జపాన్ తరహావి 60, ఆ పైన. అంచు పల్చన, పదును ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ పెళుసు. దేనిమీద కోస్తాం, ఎలా పట్టుకుంటాం అన్నది ముందు తేల్చుకోకుండా ఈ రకాన్ని ఇంట్లోకి తేకూడదు.

మనింట్లో కోయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి అత్తగారి కత్తిపీట. కత్తి కదలదు, పీటని కాలితో తొక్కిపెట్టి, రెండు చేతులతో కాయని అంచు మీదికి తోస్తారు. గుమ్మడికాయ నుంచి గోంగూర దాకా అన్నీ దాని మీదే. ఆ పనితనం ముందు పదిహేను పీసులూ దిగదుడుపే. రెండోది కోడలి పద్ధతి. ఎడమచేతిలో దొండకాయ, కుడిచేతిలో నలభై రూపాయల చాకు, బొటనవేలే చెక్క. చాకు వచ్చి వేలికి ఆనుతుంది, తెగదు, ఎందుకంటే దానికి అంత పదును లేదు. ఇన్నేళ్ళూ ఆ బొటనవేలిని కాపాడింది చాకు మొద్దుతనమే.

12 డిగ్రీల అంచుకి ఈ ఒప్పందం తెలియదు. మొదటి దొండకాయకే వేలు తెగింది. "మొద్దు కత్తే ప్రమాదం, పదునైన కత్తి జారదు" అని ఇంటాయన వీడియోలో విన్నది అప్పజెప్పాడు. మాట నిజమే, కానీ అది బోర్డు మీద కోసేవాళ్ళకి చెప్పిన మాట. బొటనవేలూ చూపుడువేలూ పిడి దాటి కత్తి మొదట్ని రెండు వైపులా పట్టుకోవాలి, ఎడమచేతి వేళ్ళు లోపలికి ముడవాలి, కణుపుని ఆనుకుని కత్తి కదలాలి. కింద చెక్క గానీ మెత్తటి ప్లాస్టిక్ గానీ ఉండాలి, అది జారకుండా దాని కింద తడిగుడ్డ పరవాలి. ఇంటాయన ఈ కొలువంతా సిద్ధం చేసి స్వయంగా ప్రదర్శన ఇచ్చాడు. దొండకాయలు పావుకిలో, పట్టిన సమయం ఇరవై నిమిషాలు. ఈలోగా అత్తగారు కత్తిపీట మీద కిలో బెండకాయలు తరిగి, టీవీలో సీరియల్ కూడా చూసేసింది.

మర్నాడు బోర్డు తడిగా ఉందని కోడలు గ్రానైటు గట్టు మీదే నిమ్మకాయ కోసింది. గ్రానైటు, గాజు, పింగాణీ పళ్ళెం – మూడూ పదునుకి శత్రువులే. అంచుకి చోటివ్వనంత గట్టివి, కత్తి తగిలిన ప్రతిసారీ అంచు కొంత పోతుంది.

అసలు ఘట్టం మే నెలలో. ఆవకాయకి పాతిక కాయలు తెచ్చారు. మామూలుగా అయితే రైతుబజారులోనే కొట్టించేవారు. అక్కడ బల్లకి బిగించిన బరువైన కత్తి ఉంటుంది, అంచు మందం, ఒక్క దెబ్బకి టెంకతో సహా రెండు చెక్కలు. "ఇంట్లో పదమూడు వేల కత్తి పెట్టుకుని కాయకింతని వాడికివ్వడమేంటి?" అన్నాడు ఇంటాయన. మొదటి కాయ తెగింది. రెండో కాయలో కత్తి టెంకలో సగం దాకా దిగి ఇరుక్కుంది. లాగితే రాలేదు, అటూ ఇటూ తిప్పాడు. కిర్రుమని చప్పుడు. బయటికొచ్చాక చూస్తే అంచులో అర్ధచంద్రాకారంలో రెండు మిల్లీమీటర్ల పెచ్చు లేదు.

గట్టి ఉక్కు నిలువు దెబ్బకి కొంత ఓర్చుకుంటుంది, పక్కకి మెలిపెడితే మాత్రం ఓర్చుకోదు. టెంక, కోడి ఎముక, కొబ్బరి చిప్ప, ఫ్రీజర్లోంచి తీసిన చేప, వీటిలో ఏదైనా ఇదే చేస్తుంది.

"ఒరేయ్, అది కత్తా, గాజు పెంకా?" అంది అత్తగారు. వెంటనే అసలు ప్రశ్న వేసింది. "ఆ ముక్కేదిరా? ఆవకాయ ముక్కల్లో ఉందేమో వెతుకు."

ఉప్పూ కారం ఇంకా కలపలేదు కాబట్టి సరిపోయింది. ఫ్రిజ్ మీది అయస్కాంతం పీకి ముక్కల మీద తిప్పితే దానికి అంటుకుంది. ఈ ఉక్కుకి అయస్కాంతం పట్టడం ఆ రోజు ఇంటాయనకి దక్కిన ఏకైక ఊరట. మిగిలిన ఇరవైమూడు కాయలూ సంచీలో రైతుబజారుకి వెళ్ళాయి.

రెండు మిల్లీమీటర్ల పెచ్చు పోవాలంటే ఆ ఒక్కచోట రాస్తే లాభం లేదు. అంచు మొత్తం రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరగాలి. 220 గానీ 400 గానీ గ్రిట్ (రాయి గరుకుకి గుర్తు, అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) ముతక రాయి మీద ఓపిగ్గా అరగదీసి, 1000 మీద పదును తెచ్చి, 3000 మీద నునుపు చెయ్యాలి. రాయిని పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టాలి. కత్తి వెడల్పు 45 మిల్లీమీటర్లుంటే వెన్ను రాయి నుంచి 12 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు చిటికెనవేలి మందం, లేపి ఉంచితే 15 డిగ్రీలొస్తుంది. ఇంటి వాడకానికి అది చాలు, 12 పట్టుదలతో పనిలేదు. అవతలి వైపు అంచు పొడుగునా సన్నటి గరుకు తగిలేదాకా ఒక వైపు రుద్ది, అప్పుడు తిప్పాలి. సెట్టుతో వచ్చిన కడ్డీ ఈ పనికి పనికిరాదు. కడ్డీ పని పదును పెట్టడం కాదు, కొద్దిగా ఒరిగిన అంచుని నిలబెట్టడం. అది మెత్తటి జర్మన్ రకానికి బాగుంటుంది. 60 గట్టిదనం ఉన్న దానిమీద గీతల కడ్డీ రుద్దితే ఇంకో పెచ్చు లేవచ్చు. కత్తికి సరిపడని కడ్డీని అదే పెట్టెలో పెట్టి దాన్నీ ఒక పీసుగా లెక్కేయడం ఈ వ్యాపారంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

ఇంటాయన రాయి కొనలేదు. వీధిలో "కత్తులకి సానా" అన్న కేక వినపడగానే కిందికి పరిగెత్తాడు.

"ఫారిన్ మాలా సార్? దీనికి డబుల్ రేటు," అన్నాడు సైకిలాయన. స్టాండు వేసి తొక్కుతుంటే నిప్పురవ్వలు బాల్కనీల దాకా కనపడ్డాయి. కత్తిపీటకీ కొడవలికీ ఆ చక్రం భేషైనది. పల్చటి అంచు మాత్రం నీళ్ళు లేకుండా తిరిగే చక్రం మీద క్షణాల్లో కాగిపోతుంది. నీలంగా కమిలిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే, ఆ గట్టిదనం మళ్ళీ రాదు. 60 కోసం పోసిన డబ్బు రవ్వలుగా ఎగిరిపోతుంటే ఇంటాయన దాన్ని వీడియో తీశాడు.

మిగిలిన కత్తుల కథ త్వరగానే ముగిసింది. ఆవకాయ బేసినుతో పాటు రాత్రంతా సింకులో పడున్న సాంటోకుకి ఉప్పూ పులుపూ కలిసి గోధుమరంగు చుక్కలు పెట్టాయి. స్టెయిన్‌లెస్ అయినా రాత్రంతా ఉప్పులో ఊరేసినదాన్ని కాపాడలేదు. తడికత్తుల్ని అలాగే గుచ్చడంతో చెక్క దిమ్మ చీలికల్లో బూజు పట్టింది, ఆ తర్వాత బొద్దింకలు కాపురం పెట్టాయి. గోడకి బిగించే అయస్కాంతపు పట్టీ అయితే ఈ రెండు బాధలూ ఉండేవి కావు. హోటలు వంటిళ్ళలో విక్టోరినాక్స్ అనే స్విస్ కంపెనీ చేసేలాంటి ప్లాస్టిక్ పిడి కత్తి ఒకటి పెట్టుకుని ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చే వంటవాళ్ళున్నారు. దానితో పాటు ఒక చిన్న చాకు, ఒక 1000 గ్రిట్ రాయి, ఒక చెక్క బోర్డు కొంటే సెట్టు ధరలో ఇంకా మిగులుతుంది. ఈ మాట ఇంటాయనకి ఆవిడ చెప్పింది. ఆయన వినలేదు, సెట్టునే అమ్మకానికి పెట్టాడు.

"15 పీసుల ఫారిన్ కత్తుల సెట్టు, కొత్తదే."

"ఏవండీ, కత్తెర తీసెయ్యండి. పాల ప్యాకెట్లకి అదొక్కటే బాగుంది."

14 అని దిద్దాడు. సాయంత్రానికి ఒక ఫోను వచ్చింది.

"అన్నా, కత్తులు మాకొద్దుగానీ, ఆ మామిడికాయ మీద పెట్టి ఫొటో తీశారు చూడండి... ఆవకాయ ఏమన్నా అమ్ముతారా?"