మన వంటింటి వెలుతురుకు తగ్గ కెమెరా

నవంబరు వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, డిసెంబరులో నెల్లూరు పోతున్నాం. సేల్‌లో ఏ కెమెరా తీసుకోమంటావు?" అని. అడిగేవాళ్లు చాలామంది అప్పటికే బోలెడన్ని రివ్యూలు చూసి, రెండు మోడళ్ల దగ్గర ఆగిపోయి ఉంటారు. నేను అడిగేది ఒకటే. "ఊళ్లో ముందుగా ఎవరి ఫొటో తియ్యాలని ఉంది? వాళ్లు ఆ పూట ఎక్కడ కూర్చుని ఉంటారు?"

కాసేపు ఆలోచించి అమ్మ అంటారు, నాయన అంటారు, అవ్వ అంటారు. వంటింట్లో, వసారాలో, గొడ్లకొట్టం దగ్గర. మనం చూసిన రివ్యూల్లో ఎక్కువ భాగం మబ్బు పట్టిన ఏదో నగరపు వీధిలో, లేకపోతే లైట్లు అమర్చిన స్టూడియోలో తీసినవి. మన వంటింటి చీకటిలో ఆ కెమెరా ఎలా పనిచేస్తుందో, మన మిట్టమధ్యాహ్నపు ఎండలో ఏం చేస్తుందో వాటిలో కనపడదు. ఊరికి తీసుకుపోయే కెమెరాను ఆ చీకటిని, ఆ ఎండను మనసులో పెట్టుకునే ఎంచుకోవాలి. ఇది నేను ఒక ఫొటో పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి.

2013 సంక్రాంతికి బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా ఊరికి పోయాను. కొత్త కెమెరా, దాంతోపాటు డబ్బాలో వచ్చిన జూమ్ లెన్సు. అవ్వ పాత మిద్దె వెనక వంటింట్లో చేపల పులుసు పెడుతోంది. తూర్పున ఒకటే కిటికీ. పొగకు గోడలు నల్లబడి ఉన్నాయి. గరిటె పెడితే ముక్క చితుకుతుందని, అవ్వ చట్టిని రెండు చేతులా గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పుతోంది. ముక్కలు పులుసులో మునిగి తేలుతున్నాయి. కిటికీ వెలుగు ఆమె చెంప మీద, ముంజేతి మీద మాత్రమే పడుతోంది. అంత మంచి వెలుతురు దొరకడం అదృష్టం.

నా లెన్సు ఆ జూమ్ దగ్గర ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది, అంత వెలుతురు లోపలికి వస్తుంది. వెలుతురు చాలక షట్టర్ 1/15 సెకను సేపు తెరిచే ఉండాల్సి వచ్చింది. చట్టి, చేతులు, ముఖం అన్నీ చెదిరిపోయాయి. ఫ్లాష్ వేస్తే వంటిల్లంతా తెల్లగా పాలిపోయింది. అవ్వ కళ్లు మూసుకుని, "ఇంక చాల్లే నాయనా, కూడు తిందువు రా" అంది. ఆ పూట ఒక్క ఫొటో కూడా నిలవలేదు.

మళ్లీ 2015లో పోయేటప్పుడు కెమెరా మార్చలేదు. నికాన్ వాళ్ల 35 ఎంఎం ఎఫ్/1.8 డీఎక్స్ లెన్సు ఒకటి కొన్నాను. అది 2009లో వచ్చింది, అప్పుడు ధర 200 డాలర్లు. జూమ్ కాదు, దగ్గరికి రావాలన్నా దూరం పోవాలన్నా మనమే నడవాలి. ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరంలో ఉన్నది దగ్గరికి వస్తుంది, చుట్టూ కనపడేది తగ్గుతుంది. లెన్సు లోపలికి వచ్చే వెలుతురు ఎఫ్ నంబరు వర్గాన్ని బట్టి మారుతుంది. 5.6ను 1.8తో భాగించి వర్గం కడితే దాదాపు 10 రెట్లు. అంటే అదే వంటింట్లో, అదే కిటికీ దగ్గర, 1/15 కాస్తా 1/125 అయింది. అవ్వ చేతులు నిలిచాయి. చట్టి మీద ఆవిరి కూడా నిలిచింది. ఆ మరుసటి ఏడు అవ్వ పోయింది. ఇప్పుడు మా అమ్మ గదిలో గోడ మీద ఉన్న ఫొటో అదే.

అందుకే బాడీ (లెన్సు తీసేసిన కెమెరా) సంగతి తర్వాత, ముందు లెన్సు అని చెప్తాను. లెక్క చూడండి. బాడీలో వెలుతురును పట్టే పలకే సెన్సరు. అందులో పెద్ద రకం, ఫుల్ ఫ్రేమ్, 36 బై 24 మిల్లీమీటర్లు. చిన్న రకం, క్రాప్ సెన్సరు, చాలా కంపెనీల్లో సుమారు 23.5 బై 15.6. వైశాల్యంలో తేడా రెండున్నర రెట్లకు కాస్త తక్కువ. ఒక లెన్సు మార్చితే 10 రెట్ల వెలుతురు వచ్చేచోట, బాడీ మార్చి రెండున్నర రెట్ల కోసం అంతకు ఎన్నో రెట్లు డబ్బు పెట్టడం నాకు సబబుగా తోచదు. మెగాపిక్సెల్స్ విషయమూ అంతే. మన ఇంట్లో 4కే టీవీ తెర మొత్తం కలిపి 8.3 మెగాపిక్సెల్సే. ఏ3 సైజు ప్రింటు నిండుగా, అంగుళానికి 300 చుక్కల చొప్పున వెయ్యడానికి 17 మెగాపిక్సెల్స్ పైచిలుకు చాలు. 24 మెగాపిక్సెల్స్ ఉన్న పాత బాడీ ఏదైనా మంచి స్థితిలో దొరికితే నిశ్చింతగా తీసుకోండి. 2014లో వచ్చిన నికాన్ డీ750 లాంటిది నాకు ఇవాళ ఎవరైనా ఇచ్చినా సంతోషంగా ఊరికి తీసుకుపోతాను.

కొత్త బాడీల్లో చెయ్యి వణుకును అణిచే ఏర్పాటు ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, మంచిదే. కానీ అది అణిచేది మన చెయ్యి వణుకునే. చట్టి తిప్పే అవ్వ చేతిని అది ఆపలేదు.

ఏ లెన్సు అంటే, ఫుల్ ఫ్రేమ్ అయితే 35 ఎంఎం, క్రాప్ అయితే 23, 24 ఎంఎం దగ్గర, ఎఫ్/2 కానీ అంతకు తక్కువ కానీ. క్రాప్ బాడీ మీద 50 ఎంఎం చవగ్గా దొరుకుతుంది, మనిషి ముఖం వరకు అందంగా వస్తుంది కూడా. కానీ మన ఇళ్లలో వెనక్కి జరగడానికి చోటుండదు. వీపు బీరువాకు తగులుతుంది. నా క్రాప్ కెమెరా మీద 35 ఎంఎంతోనే వంటింట్లో గుమ్మం అవతలికి పోయి నిలబడాల్సి వచ్చింది.

ఇక ఎండ. మా అత్తగారి ఊరు ఒంగోలు పక్కన. అక్కడ ఒక రైతు దగ్గర బలప్రదర్శనకు పెంచే గిత్త ఉంది. పొద్దున్నే కడిగి తుడిచి, కొమ్ములకు నూనె రాసి, నాకోసం బయట కట్టేశాడు. నేను ఫ్రేము నిండా గిత్తను పెట్టి తీసి, వెనక తెర మీద చూపించాను. ఆయన ముఖం చిన్నబోయింది. "ఇదేంది అల్లుడుగారూ, మా గిత్త బూడిదలో పొర్లినట్టుండాదే!" అన్నాడు. ఆయన మాట నిజం. కెమెరాలోని మీటరు దేన్ని చూసినా అది మధ్యరకం బూడిద రంగు అనుకుంటుంది. తెల్లటి గిత్తను చూపిస్తే, వెలుగు ఎక్కువైందని అనుకుని తగ్గించేస్తుంది. మీటరు చెప్పినదాని కంటే వెలుగు పెంచడానికో తగ్గించడానికో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అని ఒక డయలు ఉంటుంది. దాన్ని ప్లస్ 1 పెట్టి మళ్లీ తీశాను. ఒళ్లు పాలలా వచ్చింది. ఒంగోలు గిత్తకు మెడ మీద, మూపురం మీద సహజంగా ఉండే బూడిద నీడ విడిగా తేలింది. గంగడోలు మడతలు ఒక్కొక్కటీ కనపడ్డాయి. రైతు ఫోను తీసి, ఆ తెరకే ఫొటో తీసుకున్నాడు.

చీమకుర్తి గ్రానైటు క్వారీల దగ్గర దీనికి తిరగేసిన పని. మనలో చాలామందికి అమెరికా వంటింటి గట్టు మీద ఉన్న బ్లాక్ గెలాక్సీ అక్కడి రాయే. నల్లటి రాయిని చూసి మీటరు వెలుగు పెంచేస్తుంది, రాయి వెలిసిపోయినట్టు వస్తుంది. అక్కడ మైనస్ 1. ఈ ఒక్క డయలు చేతికి, కంటికి తెలియకుండా తిరిగేచోట ఉందా లేదా అని కొనేముందు పట్టుకుని చూడండి. మెనూలో ఎక్కడో దాక్కుని ఉంటే వాడం.

మధ్యాహ్నం పన్నెండింటికి, నల్లటి మేనిఛాయ ఉన్న మనిషి తెల్లటి పంచె కట్టుకుని నిలబడితే కెమెరాకు అదొక పరీక్ష. ముఖం బాగా రావాలని వెలుగు పెంచితే పంచె కాలిపోయినట్టు తెల్లటి ముద్ద అవుతుంది. పంచె కాపాడితే ముఖం చీకటి. నేను పంచెనే కాపాడతాను, కానీ రా ఫార్మాట్‌లో, అంటే సెన్సరు పట్టింది పట్టినట్టు దాచే ఫైలుగా తీస్తాను. మామూలు ఫొటో ఫైలైన జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్లో 16,384. చీకట్లో ఉన్న ముఖాన్ని తర్వాత పైకి తెచ్చినా చర్మం చర్మంలాగే ఉంటుంది. అలా తెచ్చేటప్పుడు ఒక్క మాట, మన వాళ్ల రంగును తెల్లబరచకండి. ఎండలో పనిచేసిన మనిషి ఛాయ ఆ మనిషిదే. ఫోన్లు మనల్ని అడక్కుండానే ముఖం తేటపరిచి ముడతలు నునుపు చేస్తుంటే నాకు బాధేస్తుంది. ఫోను తెర మీద చూసుకుని వదిలేసే ఫొటోలకు ఫోను చాలు, దానికోసం కెమెరా కొనక్కర్లేదు. కానీ అవ్వ ముడతలు ఉన్నవి ఉన్నట్టు కావాలంటే కెమెరానే.

దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి లాగే పెద్ద తెల్ల లెన్సుల (టెలిఫొటో) గురించి కూడా చెప్పాలి. 2023లో సెలవుల్లో ఉండగా రొట్టెల పండుగ వచ్చింది. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి పుచ్చుకుంటారు. మొదటిరోజు గట్టు మీద నిలబడి 70-200 లెన్సుతో తీశాను. దూరం నుంచి ఒకామె ఏడుస్తూ రొట్టె పుచ్చుకుంటున్న ముఖం చాలా స్పష్టంగా వచ్చింది. రాత్రి లాప్‌టాప్‌లో చూస్తుంటే మనసు ఒప్పలేదు. ఆమె ఏ కోరికతో వచ్చిందో నాకు తెలీదు. నేను తీసినట్టు ఆమెకు తెలీదు. మన ఊరి వాళ్లను మనమే పరాయి దేశపు యాత్రికుల్లా దూరం నుంచి పట్టుకున్నట్టు అనిపించింది. ఆ ఫొటో చెరిపేశాను.

మరుసటి రోజు 35 ఎంఎం ఒక్కటే మెడలో వేసుకుని, ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాను. అంత పొట్టి లెన్సుతో ఫొటో కావాలంటే మాట్లాడక తప్పదు. కావలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె నావైపు తిరిగి, "నీకేం రొట్టె కావాలబ్బయా?" అంది. మా అమ్మకు ఆ ఏడు ఆపరేషన్ అయింది. ఆరోగ్య రొట్టె అన్నాను. ఆమె కొంగుకింద నుంచి తీసి ఇచ్చింది. పుచ్చుకున్నాక అడిగి ఫొటో తీశాను. తడి చేతులు, రొట్టె, వెనక చెరువు, సూటిగా నన్ను చూస్తున్న కళ్లు. ఇంత దగ్గరి ఫొటోను ఏ టెలిఫొటో లెన్సూ ఇవ్వలేదు.

పక్షుల సంగతి వేరే. నేలపట్టులో గూడబాతుల గూళ్లకు, పులికాట్‌లో ఫ్లెమింగోలకు 400 ఎంఎం అయినా ఉండాల్సిందే. 2022లో జిల్లాలు మార్చినప్పుడు అవి తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి గానీ, మాకు ఇంకా మనవే. ఆ రెండు రోజుల కోసం వేల డాలర్ల లెన్సు కొనకండి. మనలో చాలామంది చెన్నైలో దిగుతాం, అక్కడ లెన్సులు అద్దెకిచ్చే షాపులున్నాయి, హైవే మీద వస్తూ దారిలోనే నేలపట్టు. తెల్లారేసరికి అక్కడుండండి. పది దాటితే నేల వేడెక్కి గాలి అలలు అలలుగా కదులుతుంది, దూరపు పక్షి ఎంత ఖరీదైన లెన్సులోనైనా నీళ్లలో నీడలా కరిగిపోతుంది. డ్రోను మాత్రం ఇక్కణ్ణుంచి పట్టుకుపోవద్దు. విదేశాల నుంచి డ్రోన్ల దిగుమతిని మన ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది, పైగా పులికాట్ పక్కనే శ్రీహరికోట.

మైపాడులో ఇంకో పాఠం నేర్చుకున్నాను. రాత్రంతా కెమెరా ఏసీ గదిలో ఉంది. కారులోనూ ఏసీయే. తెల్లవారుజామున బీచ్‌లో దిగేసరికి పాతికమంది తాడు పట్టి ఒడ్డుకు పెద్ద వల లాగుతున్నారు. కెమెరా తీసీ తియ్యగానే లెన్సంతా మంచు పట్టినట్టు తెల్లబడింది. చల్లటి అద్దం మీద సముద్రపు తేమ గాలి నీరైపోతుంది. తుడిచేకొద్దీ మళ్లీ పట్టింది. అద్దం వేడెక్కేసరికి అరగంట. అప్పటికి వల ఒడ్డుకు చేరి, చేపలు గంపల్లోకి వెళ్లిపోయాయి. ఇప్పుడు ముందురాత్రే కెమెరాను జిప్ కవర్లో పెట్టి, ఏసీ లేని వసారాలో ఉంచుతాను. సముద్రం దగ్గర నుంచి వచ్చాక ముందు బ్లోయరుతో ఇసుక ఊదేసి, ఆ తర్వాతే గుడ్డ పెడతాను. ఇసుక ఉండగా తుడిస్తే లెన్సు మీద గీత పడుతుంది, అది పోదు.

పాత కెమెరా తమ్ముడికిచ్చి వద్దామనుకునే వాళ్లకు చిన్న మాట. తోలు సంచీలో పెట్టి బీరువాలో దాస్తే నెల్లూరు ఉక్కకు ఏడాదిలో లెన్సు లోపల బూజు సాలెగూడులా పాకుతుంది. నా పాత జూమ్ లెన్సు అలాగే పోయింది. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టమనండి. అప్పుడప్పుడు తీసి వాడమనండి, అది అన్నిటికంటే మేలు.

మిగిలిన డబ్బు ప్రింట్లకు పెట్టండి. నేను ఫొటో తీసిన ప్రతివాళ్ల దగ్గరా ఊరు, ఫోన్ నంబరు ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటాను. మళ్లీ పోయినప్పుడు ట్రంకు రోడ్డు పక్కన ఒక స్టూడియోలో ప్రింట్లు వేయించి, చేతికిచ్చి వస్తాను. గిత్త ఫొటో ఆ రైతు ఇంటి ముందు గదిలో, దేవుడి పటాల వరసలో ఉంది. చెరువులో రొట్టె ఇచ్చిన పెద్దామె దగ్గర మాత్రం ఆ సందట్లో నంబరు అడగడం మరిచిపోయాను. అమ్మ కోలుకుంది. 2024 జూలైలో రొట్టె కట్టుకుని, ఆమె ప్రింటు పట్టుకుని చెరువుకు పోయాను. రొట్టె నెలల బిడ్డనెత్తుకున్న ఒకమ్మాయి పుచ్చుకుంది. ప్రింటు ఇంకా నా కెమెరా సంచీలోనే ఉంది. మీలో కావలి వైపు వాళ్లు ఎవరైనా ఉంటే చూపిస్తాను, ఆమెను గుర్తుపడతారేమో చూడండి.