పర్యాటకుల లెక్క సరే, రూపాయి లెక్కేది?

కార్తీకమాసం మొదలైతే సంక్రాంతి సెలవులు అయ్యేదాకా ఆదివారం నాడు అరకు వెళ్లే అనంతగిరి ఘాట్ రోడ్డులో కారు కదలదు. విశాఖలో ఆర్కే బీచ్ సరేసరి, సాయంత్రం అయిందంటే నిలబడడానికి చోటుండదు. సీజన్ ముగిశాక ఇన్ని లక్షల మంది వచ్చారని ప్రకటన వస్తుంది. కిందటేడాది కన్నా ఎక్కువని నాయకులు, అధికారులు సంతోషిస్తారు. మాకూ సంతోషమే. అయితే వచ్చినవాళ్లు ఇక్కడ ఎన్ని రాత్రులు ఉన్నారు, వాళ్లు ఖర్చు పెట్టిన రూపాయిలో విశాఖ, అల్లూరి జిల్లాల మనుషుల చేతిలో ఎంత మిగిలింది అన్న లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. పర్యాటకాన్ని ఆదాయ వనరుగా చూస్తున్నామని ప్రభుత్వం చెబుతోంది కాబట్టి, ముందు ఆ లెక్కే బయటపెట్టాలని అడుగుతున్నాం.

తలలు లెక్కపెట్టడం వేరు, ఆదాయం వేరు. ప్రపంచంలో దీనికి పెద్ద ఉదాహరణ ఫ్రాన్స్. 2024లో ఆ దేశానికి 10 కోట్ల మందికి పైగా విదేశీయులు వెళ్లారు. ఇంకే దేశానికీ అంతమంది వెళ్లలేదు. అమెరికాకు వెళ్లినవాళ్లు 7 కోట్ల పైచిలుకే. డబ్బు దగ్గరికి వచ్చేసరికి వరస తిరగబడింది. ఆ ఏడాది విదేశీ పర్యాటకుల వల్ల అమెరికాకు దాదాపు 21,500 కోట్ల డాలర్లు, స్పెయిన్‌కు 10,600 కోట్ల డాలర్లు వచ్చాయి. ఫ్రాన్స్ ఆ రెండింటికీ వెనకే ఉండిపోయింది. ఫ్రాన్స్‌కు వచ్చేవారిలో చాలామంది ఇరుగు పొరుగు దేశాలవాళ్లు. స్పెయిన్‌కో ఇటలీకో కారులో పోతూ దారిలో ఒకటి రెండు రాత్రులు ఆగేవాళ్లు వాళ్లలో ఎందరో. సముద్రాలు దాటి అమెరికా వెళ్లినవాళ్లు వారాల తరబడి ఉంటారు, తింటారు, తిరుగుతారు, కొంటారు. మన విశాఖ నుంచి నాలుగు గంటల పైచిలుకు విమాన ప్రయాణంలో ఉన్న సింగపూర్‌కు అదే ఏడాది 1.65 కోట్ల మంది వెళ్లారు. ఇంత పెద్ద మన దేశం మొత్తానికి వచ్చిన విదేశీయులు కోటికి కాస్త తక్కువే.

మాల్దీవుల సంగతి మనకు ఇంకా దగ్గరగా వర్తిస్తుంది. 5 లక్షల చిల్లర జనాభా ఉన్న ఆ దీవులకు 2024లో 20 లక్షల మందికి పైగా వెళ్లారు. చాలా ఏళ్ల పాటు అక్కడ ఒక పద్ధతి నడిచింది. పర్యాటకులంతా జనం లేని దీవుల్లో కట్టిన రిసార్టులకే వెళ్లాలి, స్థానికులు ఉండే దీవుల్లో బస చేయకూడదు. రిసార్టులో వంటకు కావలసిన సరుకు విదేశాల నుంచి వచ్చేది, పనివాళ్లలోనూ చాలామంది బయటి దేశాలవాళ్లే. గది అద్దె లక్షల్లో ఉన్నా పక్క దీవిలోని మత్స్యకారుడి ఇంటికి అందులో వచ్చేది కొంచెమే. 2009 తర్వాత ప్రభుత్వం నిబంధన మార్చి, ఊళ్లున్న దీవుల్లోనూ గెస్ట్‌హౌస్‌లకు అనుమతి ఇచ్చింది. మాఫుషి లాంటి చిన్న దీవుల్లో మామూలు కుటుంబాలు రెండు మూడు గదులు వేసి అతిథులను పెట్టుకోవడం మొదలైంది. పడవ నడిపేవాడికి, చేపలు పట్టేవాడికి, వండిపెట్టే ఇల్లాలికి నేరుగా పని దొరికింది. అదే సముద్రం, అదే ఇసుక. ఒక్క నిబంధనతో డబ్బు దారి మారింది.

ఇప్పుడు మన అరకు చూద్దాం. పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కుతారు. 2017 ఏప్రిల్‌లో ఆ లైనులో అద్దాల బోగీ వచ్చాక దానికి గిరాకీ ఇంకా పెరిగింది. 58 సొరంగాలు దాటుకుంటూ ఆ కొండల్లోకి పోవడం నిజంగా గొప్ప అనుభవం. తర్వాత పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం, కాసేపు గిరిజనుల థింసా నృత్యం, ఒక కాఫీ తోట, బొర్రా గుహలు. చీకటి పడేసరికి బస్సు ఘాట్ దిగి మళ్లీ విశాఖ చేరుతుంది. ఎక్కువ ప్యాకేజీలు ఇలాగే నడుస్తాయి. రైలు టికెట్టు రైల్వేకి, బస్సు డబ్బు ఆపరేటరుకి, రాత్రి గది అద్దె విశాఖ హోటలుకి పోతుంది. అరకు లోయకు మిగిలేది మధ్యాహ్నం భోజనం, ఒక బొంగు చికెన్, ఒక కాఫీ పొడి పేకెట్.

ఆ బొంగు చికెన్ బడ్డీ దగ్గర పది నిమిషాలు నిలబడి చూస్తే చాలా తెలుస్తుంది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతుంటారు. వెదురు నరికి మోసుకొచ్చేదీ, పొగకు కళ్లు మండుతున్నా కూర్చుని తిప్పేదీ చుట్టుపక్కల గూడేల ఆడామగా. కోడి, నూనె, మసాలా మైదానం నుంచి వస్తాయి. బడ్డీ పెట్టుబడి కూడా మైదానం వాళ్లదే అయితే గిరిజనుడికి దక్కేది రోజు కూలీ. వంటకం అతని పేరు మీద అమ్ముడవుతుంది, లాభం ఇంకొకరికి పోతుంది. థింసా ఆడే మహిళల పరిస్థితీ ఇంతకన్నా మెరుగ్గా లేదు. బస్సు ఆగిన కాసేపు ఆడాలి, బస్సు కదిలితే ఆ పూట సంపాదన ఆగినట్టే.

దీనికి విరుగుడు రాత్రి బస. వంజంగిలో మేఘాల మీద సూర్యోదయం చూడాలన్నా, లంబసింగిలో మంచు చూడాలన్నా తెల్లవారకముందే అక్కడ ఉండాలి. జనం ఆ చలిలో రాత్రి ఉండడానికి సిద్ధంగానే ఉన్నారు, డబ్బిచ్చి మరీ టెంట్లలో పడుకుంటున్నారు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. అయినా బినామీ పేర్లతో రిసార్టులు, టెంట్ల క్యాంపులు నడుస్తున్నాయన్న ఆరోపణలు ఏళ్లుగా వినబడుతూనే ఉన్నాయి. చట్టాన్ని కచ్చితంగా అమలు చేయాలి. దానితో పాటు గిరిజన కుటుంబమే తన ఇంట్లో రెండు గదులు వేసుకుని అతిథులను పెట్టుకునేలా బ్యాంకు అప్పు, మంచి మరుగుదొడ్డి, నీటి వసతి, కొంత శిక్షణ, ఆన్‌లైన్‌లో బుకింగ్ ఏర్పాటు కల్పించాలి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి విశాఖ కేంద్రంగా పనిచేస్తోంది. తేనె, చింతపండు, కాఫీ కొనుగోళ్లలో దానికున్న అనుభవాన్ని ఈ పనికి ఎందుకు వాడుకోకూడదు? అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో దాని పేరుతో దుకాణమే వెలిసింది. అంత పేరున్న పంట పండించే రైతు ఇంటి వసారాలో కూర్చుని ఆ కాఫీ తాగడానికి మనిషి ఒక రాత్రి ఉండిపోతాడు. ఆ వసారా ఆ రైతుదే కావాలి.

బొర్రా గుహల విషయంలో మాకు మరింత స్పష్టమైన కోరిక ఉంది. బొర్రా పరిసరాల్లో గిరిజనుల భూములను గనుల లీజులకు ఇవ్వడం మీద గిరిజన హక్కుల కోసం పనిచేసే సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు లీజులు చెల్లవని చెప్పడంతో ఆగలేదు. నికర లాభంలో కనీసం 20 శాతాన్ని ఆ ప్రాంత గిరిజనుల తాగునీరు, చదువు, వైద్యం, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పెట్టాలని కూడా చెప్పింది. అది గనులకు సంబంధించిన తీర్పు, నిజమే. కానీ గుహ కూడా ఆ కొండదే, ఆ కొండ ఆ మనుషులదే. టికెట్టు మీద వచ్చే ఆదాయానికి అదే న్యాయం వర్తింపజేయడానికి ఏ కోర్టూ అడ్డుపడదు. బొర్రా వసూళ్లలో కచ్చితమైన వాటా చుట్టుపక్కల గ్రామసభల ఖాతాలో పడాలి, ఎంత పడిందో గుహల గేటు దగ్గర బోర్డు మీద రాయాలి.

ఘాట్ రోడ్డు రద్దీకీ ఒక దారి ఉంది. ఇటలీలోని వెనిస్ నగరం 2024 ఏప్రిల్ నుంచి రద్దీ రోజుల్లో ఒక్కపూటకు వచ్చి పోయేవాళ్ల దగ్గర 5 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టింది. ఊళ్లో రాత్రి బస చేసేవారికి ఆ రుసుము లేదు. అనంతగిరి దారిలో సీజన్ ఆదివారాల్లో కార్లకు అలాంటి పద్ధతే పెట్టి, వచ్చిన డబ్బు ప్లాస్టిక్ ఏరడానికి, మరుగుదొడ్లకు వాడవచ్చు. దీని మీద వ్యతిరేకత వస్తుందని తెలుసు. అయినా ప్రయత్నించి చూడాల్సిందే.

ఇక నగరం. రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు విశాఖ అంతా గర్వపడింది. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదన్న ఫిర్యాదులతో ఆ జెండా కొన్నాళ్లు దిగిపోయింది, హడావుడిగా శుభ్రం చేశాక మళ్లీ ఎగిరింది. జెండా కోసం చేసిన పని రోజూ ఎందుకు చేయలేం? ఆర్కే బీచ్‌లో గట్టి వాన పడిన మర్నాడు చూడండి. గెడ్డల్లోంచి వచ్చిన మురుగు ఇసుకను కోసుకుంటూ నల్లగా సముద్రంలో కలుస్తుంటుంది, దానికి పది గజాల్లో పిల్లలు ఆడుకుంటుంటారు. మురుగు శుద్ధి చేయకుండా సముద్రంలోకి వదిలే చోట ఎన్ని గాజు వంతెనలు కట్టినా, ఎన్ని దీపాలు పెట్టినా మనిషి రెండోసారి రాడు. ఔటర్ హార్బర్ కట్టినప్పటి నుంచి దక్షిణం వైపు నుంచి రావాల్సిన ఇసుక ఆగిపోయి ఆర్కే బీచ్ కోతకు గురవుతోంది. డ్రెడ్జర్లతో ఇసుక తెచ్చి పోసే పని ఏ ఏడాదీ తప్పకుండా జరగాలి. ఆ ఇసుకే లేకపోతే విశాఖలో చూపించడానికి ఏముంది?

ప్రాణాల సంగతి అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది. రుషికొండలో, యారాడలో, భీమిలిలో, ఆర్కేలో ఏటా ఇంటర్, ఇంజినీరింగ్ పిల్లలు మునిగిపోతున్నారు. లోపలికి లాగే ప్రవాహం ఎక్కడుందో జాలరిపేట కుర్రాళ్లకు చూడగానే తెలుస్తుంది. వాళ్లను లైఫ్‌గార్డులుగా పెట్టుకోవాలి, పెట్టుకున్నవాళ్లకు నెలనెలా జీతం సమయానికి ఇవ్వాలి, ఏడాది పొడవునా ఉద్యోగం ఉండాలి. ఒక్క ప్రాణం నిలబెట్టినా ఆ ఖర్చు ఖర్చే కాదు.

పెద్ద కట్టడాల మీద మన పాలకులకున్న మోజు విశాఖకు ఇప్పటికే చాలా ఖరీదైంది. పర్యాటకం పేరుతో రుషికొండను తవ్వి వందల కోట్లతో కట్టిన భవనాలు ప్రజలకు ఒక్క రూపాయి సంపాదించి పెట్టకుండా ఏళ్లు గడిచాయి. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో తేలియాడే వంతెన ప్రారంభించిన మర్నాడే దాని చివరి భాగం విడిపోయింది. పోర్టులో 96 కోట్లతో క్రూజ్ టెర్మినల్ 2023లో ప్రారంభమైంది. మంచిదే, కానీ ఓడలో వచ్చినవాడు ఓడలోనే తింటాడు, ఓడలోనే పడుకుంటాడు. దిగిన ఆ కొద్ది గంటల్లో అతన్ని తొట్లకొండ బౌద్ధారామానికో, కురుసుర సబ్‌మెరైన్‌కో, భీమిలి డచ్చి సమాధులకో తీసుకెళ్లి, ఆ చోటు గురించి చక్కగా చెప్పగలిగే స్థానిక గైడ్లు ఎంతమంది ఉన్నారు? ఆంధ్రా యూనివర్సిటీ చరిత్ర విద్యార్థులకు ఈ పని నేర్పి లైసెన్సులు ఇస్తే అయ్యే ఖర్చు ఎంత? ఎర్రమట్టి దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వే జాతీయ వారసత్వ స్థలంగా గుర్తించింది. వాటి అంచుల్లో యంత్రాలు తవ్వుతుంటే చూస్తూ ఊరుకున్న చరిత్ర మనది. వేల ఏళ్లు పట్టి తయారైన ఆ దిబ్బలు ఒకసారి పోతే ఏ కాంట్రాక్టరూ మళ్లీ కట్టలేడు.

బీచ్ రోడ్డు అందంగా కనబడాలని మొదట తోపుడు బళ్ల మీద పడడం మానుకోవాలి. మురీ మిక్చర్ కలిపేవాడు, మొక్కజొన్న పొత్తులు కాల్చే అవ్వ, చేపల వేపుడు పెట్టే ఆవిడ, వీళ్ల దగ్గర ఖర్చయిన రూపాయి ఆ రాత్రికే విశాఖలో కిరాణా కొట్టుకు చేరుతుంది. పర్యాటక ఆదాయంలో నూటికి నూరు పాళ్లు ఊళ్లోనే మిగిలే భాగం దాదాపు అదొక్కటే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ కమిటీ తేల్చాలి. తెల్లారేసరికి వచ్చే జేసీబీ కాదు.

పర్యాటకమే సర్వస్వం అనుకోవడం కూడా ప్రమాదమే. థాయ్‌లాండ్‌కు 2019లో దాదాపు 4 కోట్ల మంది విదేశీయులు వెళ్లారు. కోవిడ్ దెబ్బకు 2021లో ఆ సంఖ్య 4.3 లక్షలు కూడా దాటలేదు. శ్రీలంక 2019 పేలుళ్లు, ఆ వెంటనే కోవిడ్‌తో డాలర్లు కోల్పోయి 2022లో అప్పులు తీర్చలేని స్థితికి చేరడంలో పర్యాటకం పడిపోవడానికీ వాటా ఉంది. విశాఖకు పోర్టు, స్టీల్ ప్లాంట్, నౌకాదళం, ఫార్మా ఉన్నాయి. వాటి పక్కన పర్యాటకం నిలబడాలే తప్ప వాటి బదులుగా కాదు.

రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రకటించిన విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పరిశ్రమ అన్నాక పెట్టుబడిదారుకు రాయితీలు ఉంటాయి, ఉండనివ్వండి. ఆ రాయితీ తీసుకున్న ప్రతి హోటలూ ఎంతమంది స్థానికులకు ఉద్యోగం ఇచ్చింది, ఏ హోదాలో ఇచ్చింది, కూరగాయలు, చేపలు, కాఫీ ఎక్కడ కొన్నది, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటోంది, మురుగు ఎటు పంపుతోంది అన్నది ఏటా బహిరంగంగా చెప్పేలా షరతు పెట్టాలి. విశాఖ తాగునీటికి ఎండాకాలంలో తాటిపూడి, రైవాడ, మేహాద్రిగెడ్డ వంక చూసే మనకు ఆ నీటి లెక్క చిన్న విషయం కాదు. భోగాపురం విమానాశ్రయంతో విదేశీ విమానాలు పెరుగుతాయని అందరం ఆశపడుతున్నాం. ఆ రద్దీ మొదలయ్యాక నిబంధనలు రాయడం కష్టం, పెట్టుబడులు పెట్టినవాళ్లు ఒప్పుకోరు. వచ్చే కార్తీకమాసంలోగా విశాఖ, అల్లూరి జిల్లాల కలెక్టర్లు కలిసి మొదటి లెక్క విడుదల చేయాలి. అందులో రాత్రుల సంఖ్య ఉండాలి, బొర్రా వసూళ్లు ఉండాలి, గ్రామసభల వాటా ఉండాలి.